ఆపే అధికారం ఎవరిది? లిబియా 2011 గురించి

(గ్రంథాలయ హాల్లో జరిగిన సభకు రాలేకపోయిన మిత్రుల కోసం రికార్డింగు విని రాసిన పాఠం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ఇటు రండి, ఈ పక్కన చాపల మీద చోటుంది. గంట సేపు నిలబడితే కాళ్లు లాగుతాయి.

పోయిన నెల ఇదే హాల్లో కాలేజీ విద్యార్థుల డిబేట్ జరిగింది. విషయం మీకు గుర్తుండే ఉంటుంది. ఒక దేశంలో జనం పాలకుడి మీద తిరగబడ్డారు. పాలకుడు వాళ్ల మీదికి సైన్యాన్ని పంపాడు. అప్పుడు బయటి దేశాలు సైన్యంతో వెళ్లవచ్చా, వెళ్లకూడదా? రెండు పక్షాల పిల్లలూ బాగా మాట్లాడారు. వెళ్లాలన్నవాళ్లు పక్కింటి పోలిక తెచ్చారు. పక్కింట్లో ఒకడు పెళ్లాన్ని కొడుతుంటే తలుపేసుకుని కూర్చుంటామా అన్నారు. వద్దన్నవాళ్లు ఇరాక్ పేరెత్తారు, అఫ్ఘానిస్తాన్ పేరెత్తారు, అంతా చమురు కోసమే అన్నారు. ఆ రోజు నన్ను తీర్పు చెప్పమంటే చెప్పలేదు. ఒక సాయంత్రం ఇవ్వండి, ఒక్క దేశం తీసుకుని మాట్లాడతాను అన్నాను. ఆ దేశం లిబియా.

లిబియానే ఎందుకు? ఇరాక్ మీద 2003లో దాడి జరిగినప్పుడు అక్కడ ప్రజా తిరుగుబాటు నడవడం లేదు, దాడికి ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి అనుమతీ లేదు. దాన్ని తప్పనడం తేలిక. లిబియా అలా కాదు. అక్కడ నిజమైన తిరుగుబాటు ఉంది. ఊచకోత భయం ఉంది. భద్రతా మండలి తీర్మానం ఉంది. అరబ్ దేశాల మద్దతు ఉంది. తిరగబడ్డవాళ్లే సాయం అడిగారు. సైన్యం వెళ్లాలనే పక్షం ఏయే షరతులు కోరుతుందో అవన్నీ అక్కడ ఒకచోట కూడాయి. అయినా ఆ దేశం ఈ రోజుకీ ఒక్కటి కాలేదు. మరి ఎక్కడ తప్పింది? వెళ్లడంలోనా? వెళ్లిన తర్వాతా?

ముందు తిరగబడ్డవాళ్ల గురించి చెప్పుకోవాలి. మన చర్చల్లో మొదట మరిచిపోయేది వాళ్లనే. లిబియా పాలకుడు గడాఫీ, అమెరికా అధ్యక్షుడు ఒబామా, ఫ్రాన్స్ అధ్యక్షుడు సార్కోజీ అంటూ మొదలుపెడతాం, ఆ వీధుల్లోకి వచ్చిన మనుషులు ఎక్కడో వెనకబడిపోతారు.

1996 జూన్‌లో లిబియా రాజధాని ట్రిపోలీలోని అబూ సలీం జైల్లో సుమారు 1,200 మంది ఖైదీలను కాల్చి చంపారు. ఇంటివాళ్లకు చెప్పలేదు. తల్లులు జైలు దగ్గరికి బట్టలు, తిండి తెస్తూనే ఉన్నారు, కాపలావాళ్లు తీసుకుంటూనే ఉన్నారు. కొడుకు లోపల లేడని ఏళ్ల తరబడి వాళ్లకు తెలియదు. ఆలోచించండి. తెలిసిన తర్వాత ఆ కుటుంబాలు తూర్పు లిబియాలోని పెద్ద ఊరు బెంఘాజీలో వారం వారం ఫొటోలు పట్టుకుని నిలబడటం మొదలుపెట్టాయి. వాళ్ల తరఫున వాదించే వకీలు ఫతీ తెర్బిల్. 2011 ఫిబ్రవరి 15న ఆయన్ను అరెస్టు చేశారు. ఆ సాయంత్రం మొదట వీధిలోకి వచ్చింది ఆ తల్లులు, అక్కచెల్లెళ్లే. పక్కన ట్యునీషియాలో, ఈజిప్టులో పాలకులు అప్పటికే పడిపోయారు. 17 నాటికి ఊరంతా కదిలింది. వారం తిరగకుండానే బెంఘాజీలోని సైనిక శిబిరం జనం చేతికొచ్చింది.

1969 సెప్టెంబర్ 1న, 27 ఏళ్ల వయసులో, రాజును దించి గద్దెనెక్కినవాడు గడాఫీ. నలభై ఏళ్లు దాటింది. ఎన్నికలు లేవు, పార్టీలు లేవు. ఉన్నాయనుకున్న సంస్థలన్నీ ఆయన చేతి కింద నడిచేవే. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీనికి వస్తాను. ఫిబ్రవరి 22న టీవీలో మాట్లాడుతూ తిరగబడ్డవాళ్లను ఎలుకలన్నాడు. అంగుళం అంగుళం, ఇల్లిల్లూ, సందు సందూ వెతికి ఏరేస్తానన్నాడు.

అప్పుడు బెంఘాజీలో ఒక పెద్ద బ్యానర్ కట్టారు. ఇంగ్లీషులో రాసి మరీ కట్టారు, ప్రపంచం చదవాలని. విదేశీ జోక్యం వద్దు, లిబియా ప్రజలు తమంతట తామే చేసుకోగలరు అని దాని సారాంశం. ఇది ఊరికే వచ్చిన పౌరుషం కాదండీ. ఆ నేల మీద జ్ఞాపకాలున్నాయి. 1911లో ఇటలీ ఆ దేశం మీదికి వచ్చింది. ఆ ఏడాది నవంబర్ 1న ఒక ఇటాలియన్ పైలట్ ట్రిపోలీ దగ్గర చేత్తో గ్రెనేడ్లు కిందికి విసిరాడు. విమానం నుంచి బాంబు వేయడం ప్రపంచంలో అదే మొదలు. తర్వాత తూర్పు లిబియాలో పల్లెలకు పల్లెలను ముళ్లకంచెల శిబిరాల్లోకి తోలారు. ఇరవై ఏళ్లు పోరాడిన ఉమర్ ముఖ్తార్‌ను 1931లో ఉరి తీశారు. 2011లో బెంఘాజీ కుర్రవాళ్లు పట్టుకు తిరిగింది ఆయన బొమ్మే.

అదే బెంఘాజీ మూడు వారాల్లో మాట మార్చుకుంది. ఎందుకు మార్చుకుందో మనం అర్థం చేసుకోవాలి, వెక్కిరించకూడదు. గడాఫీ సేనలు తీరం వెంబడి ఒక్కొక్క ఊరూ తిరిగి పట్టుకుంటూ తూర్పుకు వస్తున్నాయి. ఎదురుగా ఉన్నది ఎవరు? వకీళ్లు, డ్రైవర్లు, విద్యార్థులు, కొంతమంది పక్కకు వచ్చేసిన సైనికులు. పికప్ ట్రక్కుల మీద తుపాకులు బిగించుకుని నిలబడ్డారు. ట్యాంకులొస్తున్నాయి. అప్పుడు వాళ్లు విమానాలను అడ్డుకోండి అని అడిగారు. అప్పుడు కూడా మా నేల మీద మీ సైనికులు అడుగుపెట్టొద్దు అనే అన్నారు. మీలో ఎవరైనా ఆ ఊళ్లో ఉంటే అడగకుండా ఉంటారా? నేనైతే అడిగేవాణ్ణి.

ఇప్పుడు న్యూయార్క్‌కు వెళ్దాం. 2011లో మన దేశం భద్రతా మండలిలో తాత్కాలిక సభ్యురాలు. ఫిబ్రవరి 26న మొదటి తీర్మానం. ఆయుధాలు అమ్మకూడదు, గడాఫీ కుటుంబం ఆస్తులు స్తంభింపజేయాలి, అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు విచారించాలి. పదిహేను దేశాలూ ఔనన్నాయి, మనతో సహా. మార్చి 12న అరబ్ లీగ్, విమానాలు ఎగరకుండా నిషేధం పెట్టమని అడిగింది. మార్చి 17న రెండో తీర్మానం వచ్చింది. దాని నంబరు 1973. సంవత్సరం అనుకునేరు, నంబరే అది. పౌరులను, పౌరులుండే ప్రాంతాలను కాపాడటానికి అవసరమైన చర్యలన్నీ తీసుకోవచ్చు అని అందులో ఉంది. ఆక్రమణ సేన మాత్రం ఏ రూపంలోనూ ఉండకూడదు అని ఉంది. అనుకూలంగా పది ఓట్లు. వ్యతిరేకంగా ఒక్కటీ లేదు. ఐదు దేశాలు ఓటు వేయలేదు. రష్యా, చైనా, జర్మనీ, బ్రెజిల్, భారతదేశం.

మన ప్రతినిధి ఏమన్నారు? అక్కడి పరిస్థితి మీద నమ్మదగిన సమాచారం తక్కువగా ఉంది, ఐక్యరాజ్యసమితి పంపిన దూత నివేదిక ఇంకా రాలేదు, ఈ చర్యలను ఎవరు, ఏ బలంతో, ఎలా అమలు చేస్తారో స్పష్టత లేదు. అదీ మన మాట. చివరి మాట పట్టుకోండి. ఎవరు, ఏ బలంతో, ఎలా. సరైన ప్రశ్న అడిగాం. అడిగి ఊరుకున్నాం. దాని సంగతి చివర్లో చెబుతాను.

వెళ్లాలన్న పక్షానికి ఒక బలమైన మాట ఉంది, దాన్ని పక్కన పెట్టి మాట్లాడటం న్యాయం కాదు. 1994లో రువాండాలో వంద రోజుల్లో ఎనిమిది లక్షల మందిని చంపారని అంచనా. హత్యలు జరుగుతుండగానే భద్రతా మండలి అక్కడున్న తన శాంతి సేనను పెంచకపోగా 270 మందికి కుదించింది. మరుసటి ఏడాది బోస్నియాలోని స్రెబ్రెనీత్సాలో, ఐక్యరాజ్యసమితి రక్షిత ప్రాంతమని ప్రకటించిన ఊళ్లోనే, ఎనిమిది వేల మంది పురుషులను, మగపిల్లలను చంపారు. ఆ సిగ్గులోంచే 2005లో ప్రపంచ దేశాధినేతలు ఒక మాట ఒప్పుకున్నారు. ఒక రాజ్యం తన ప్రజలను ఊచకోత నుంచి కాపాడలేకపోతే, కాపాడటానికి ఇష్టపడకపోతే, ఆ బాధ్యత భద్రతా మండలి ద్వారా అంతర్జాతీయ సమాజం తీసుకోవాలి అని. లిబియా విషయంలో వాడింది ఆ మాటే.

మార్చి 19 ఉదయానికి గడాఫీ సేనలు బెంఘాజీ పడమటి శివార్లలో ఉన్నాయి. ఊళ్లో ఆరేడు లక్షల మంది. ఆ రోజే ఫ్రెంచి విమానాలు ఆ ట్యాంకుల వరుసను కొట్టాయి. అమెరికా, బ్రిటన్ క్షిపణులు విమాన నిరోధక స్థావరాలను కొట్టాయి. ఊరు నిలిచింది. బెంఘాజీలో ఊచకోత జరిగి ఉండేదా? 2016లో బ్రిటిష్ పార్లమెంటు విదేశాంగ కమిటీ విచారించి, ఆ ముప్పును ఎక్కువ చేసి చూపారు, దాన్ని ప్రభుత్వం సరిగా బేరీజు వేయలేదు అని తేల్చింది. గడాఫీ సేనలు తిరిగి పట్టుకున్న ఊళ్లలో పౌరుల మీద పడలేదని ఎత్తి చూపింది. కావచ్చు. కానీ అబూ సలీం జైలు తల్లికి ఆ లెక్క చెప్పగలమా? సందు సందూ వెతుకుతాను అన్నవాడి ట్యాంకులు ఊరి అంచున ఉన్నాయి. నన్నడిగితే, మార్చి 19 నాడు ఆ ట్యాంకులను ఆపడం తప్పు కాదు. వద్దన్న పక్షం పిల్లలకు ఈ మాట నచ్చకపోవచ్చు. అయినా నా అభిప్రాయం అదే.

మరి తప్పెక్కడ? మార్చి 20 నుంచి.

ఆఫ్రికా దేశాల కూటమి ఆఫ్రికన్ యూనియన్ అప్పటికే ఐదుగురు సభ్యుల కమిటీ వేసింది. దక్షిణాఫ్రికా, మాలి, మారిటేనియా, కాంగో, ఉగాండా. ఈ కమిటీ లిబియా వెళ్లబోతోందని 1973 తీర్మానమే తన రెండో పేరాలో రాసుకుంది. ఆ కమిటీ మార్చి 20న ట్రిపోలీ వెళ్లాలనుకుంది. ఆకాశం ఇప్పుడు నిషేధంలో ఉంది కదా, అందుకని విమానానికి అనుమతి అడిగింది. ఇవ్వలేదు. తీర్మానంలో పేరున్న శాంతి కమిటీకి, ఆ తీర్మానం పేరు మీదే, దారి మూశారు. అదే రోజు అరబ్ లీగ్ కార్యదర్శి అమ్రు మూసా, మేం అడిగింది పౌరుల రక్షణ, ఈ బాంబులు కాదు అని బయటికే అన్నాడు. యుద్ధం మొదలై ఒక్క రోజే అయింది.

మూడు వారాల తర్వాత, ఏప్రిల్ 10న, ఆ కమిటీ వెళ్లగలిగింది. దక్షిణాఫ్రికా అధ్యక్షుడు జూమా, మాలి అధ్యక్షుడు తూరే, ఇంకా కొందరు. కాల్పులు ఆపాలి, సాయం లోపలికి రావాలి, చర్చలు జరగాలి, మధ్యంతర ఏర్పాటు ఉండాలి. గడాఫీ ఒప్పుకున్నానన్నాడు. మర్నాడు బెంఘాజీ వెళ్తే, తిరగబడ్డవాళ్లు అక్కడ పెట్టుకున్న మండలి కుదరదంది. గడాఫీ, అతని కొడుకులు దిగిపోతారని ఆ కాగితంలో లేదు కాబట్టి. చర్చలు జరిగిన హోటలు బయట జనం కూడా అదే నినాదం ఇచ్చారు.

వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. గడాఫీ మాట మీద ఎవరు నమ్మకం పెడతారు? మార్చి 18న కాల్పుల విరమణ ప్రకటించి మర్నాడే బెంఘాజీ శివార్లకు వచ్చినవాడు. కానీ ఒక సంగతి చూడండి. అవతలివాడితో ఏదో ఒక రకంగా బేరం కుదుర్చుకోవాల్సిన అవసరం ఎప్పుడు వస్తుంది? నా బలం చాలదు అని తెలిసినప్పుడు. అమెరికా, ఐరోపా దేశాల సైనిక కూటమి నాటో విమానాలు నెత్తి మీద ఉన్నంత కాలం బెంఘాజీకి ఆ అవసరం లేదు. ఆ వారం తిరక్కుండానే, ఏప్రిల్ మధ్యలో, ఒబామా, బ్రిటన్ ప్రధాని కామెరాన్, సార్కోజీ ముగ్గురూ కలిసి పత్రికల్లో వ్యాసం రాశారు. గడాఫీ అధికారంలో ఉండగా లిబియాకు భవిష్యత్తును ఊహించలేం అని. అంటే ఏమిటి? పౌరుల రక్షణ కోసమని వెళ్లిన యుద్ధం, ఆ రోజుతో ప్రభుత్వాన్ని దించే యుద్ధమైంది. భద్రతా మండలి దానికి ఓటు వేయలేదు. పది దేశాలు చెయ్యెత్తింది వేరే దానికి.

పడమటి తీరంలో తిరగబడ్డ ఊరు మిస్రాటా సంగతేమిటని మీరు అడగాలి. అడగండి. నేనే అడుగుతాను. బెంఘాజీ తప్పించుకున్నా, మిస్రాటా ముట్టడిలోనే ఉంది. వీధుల్లో స్నైపర్లు, రేవు మీద రాకెట్లు. మార్చి 20న ఆ విమానాలు ఆగి ఉంటే మిస్రాటా పడిపోయేది. నిజమే. అందుకే ఏదో ఒక తేదీ చెప్పి అక్కడ ఆపాల్సింది అని అనడం లేదు. కానీ మే మధ్యకల్లా మిస్రాటా ముట్టడి కూడా విడిపోయింది. తూర్పు భద్రంగా ఉంది, మిస్రాటా భద్రంగా ఉంది. ఆ రోజైనా, ఇప్పుడు ఇంకా కొట్టాలా, బలవంతంగానైనా రెండు పక్షాలనూ కూర్చోబెట్టాలా అని భద్రతా మండలిలో ఓటు జరగాలి కదా? జరగలేదు. ఎందుకు జరగలేదు?

ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే. దయచేసి వినండి.

భద్రతా మండలిలో ఒక తీర్మానం నెగ్గాలంటే తొమ్మిది ఓట్లు కావాలి, ఐదు శాశ్వత దేశాల్లో ఏ ఒక్కటీ వీటో చేయకూడదు. యుద్ధానికి అనుమతి ఇవ్వడానికి ఈ లెక్క. సరే. మరి ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవడానికి? దానికీ తీర్మానమే కావాలి. దానికీ అదే లెక్క. లిబియా మీద బాంబులు వేస్తున్న దేశాల్లో అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ మూడూ వీటో ఉన్నవే. మిగతా పన్నెండు దేశాలూ ఒక్కటై ఇక చాలు అన్నా, ఆ మూడింటిలో ఒక్కటి కాదంటే చాలు, యుద్ధం సాగుతుంది. 1973 తీర్మానంలో ముగింపు తేదీ లేదు. శాంతి సేనలను పంపే తీర్మానాలు చూడండి, ఆరు నెలలకో ఏడాదికో గడువు ఉంటుంది, గడువు తీరితే మళ్లీ ఓటు వేయాలి. ఇక్కడ అది లేదు. మొదలుపెట్టడానికి అందరి దగ్గరికీ వచ్చారు, ఆపే తాళం మాత్రం వెళ్లినవాళ్ల జేబులోనే ఉంది.

పక్కింటి పోలికకు నా జవాబు కూడా ఇదే అమ్మా. మనం తలుపు తోసుకుని వెళ్లి వాణ్ణి ఆపితే, మన పైన పోలీసులున్నారు, కోర్టుంది. ఆపాం సరే, ఇంక బయటికి రండి అని మనకు చెప్పేవాళ్లున్నారు. వెళ్లిన దేశానికి ఆ మాట చెప్పేవాళ్లెవరు?

అలా యుద్ధం ఏడు నెలలు నడిచింది. నాటో లెక్క ప్రకారం 26 వేలకు పైగా విమాన ప్రయాణాలు, అందులో తొమ్మిది వేలకు పైగా దాడి కోసం వెళ్లినవి. శత్రువు కాల్పుల్లో నాటో సైనికుడు ఒక్కడూ చనిపోలేదు. నాటో బాంబుల వల్ల చనిపోయిన పౌరులు కనీసం 72 మంది అని హ్యూమన్ రైట్స్ వాచ్ ఒక్కొక్క ఊరూ తిరిగి లెక్కతేల్చింది, వాళ్లలో మూడో వంతు పిల్లలు. ఆగస్టులో ట్రిపోలీ పడింది. అక్టోబర్ 20న సిర్తెలో గడాఫీని పట్టుకుని చంపారు.

సిర్తె గురించి ఒక్క మాట. అది గడాఫీ సొంత ప్రాంతం. సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఆ ఊరిని ముట్టడించింది తిరుగుబాటుదార్లు. లోపల చిక్కుకున్నది పౌరులు. ఫిరంగి గుండ్లు పడుతున్నాయి, ఆసుపత్రిలో మందుల్లేవు. పౌరులను కాపాడాలనే తీర్మానం వాళ్లకు వర్తించదా? విమానాలు అప్పుడు ఎవరి పక్షాన ఉన్నాయి? ముట్టడించేవాళ్ల పక్షాన. ఊరు పడ్డాక ఒక హోటల్ ఆవరణలో 53 శవాలు దొరికాయి, కొందరి చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి. వాళ్లు గడాఫీ మద్దతుదార్లు. మిస్రాటా పక్కన తవర్ఘా అనే ఊరుంది. నల్లజాతి లిబియన్ల ఊరు, నలభై వేల దాకా జనం. గడాఫీ పక్షమని మిస్రాటా సాయుధ దళాలు ఊరు ఊరంతా ఖాళీ చేయించాయి. ఏళ్ల తరబడి వాళ్లు శిబిరాల్లో బతికారు. వాళ్ల కోసం ఏ దేశపు విమానమూ రాలేదు.

1971 మాటేమిటి?

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు, డిబేట్‌లో కూడా వచ్చింది. మనం బంగ్లాదేశ్ వెళ్లలేదా? వెళ్లాం. అప్పుడు ప్రపంచం మనల్ని మెచ్చుకోలేదు కూడా. 1971 డిసెంబర్ 7న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కాల్పులు ఆపి సేనలు వెనక్కి తీసుకోమని 104 ఓట్లతో చెప్పింది. వ్యతిరేకంగా పడ్డవి 11. చట్టం ప్రకారం చూస్తే లిబియా జోక్యానికి ఉన్నంత అనుమతి మనకు లేదు. అయినా ఫలితం వేరుగా ఎందుకుంది?

కోటి మంది శరణార్థులు మన మీదికి వచ్చారు, డిసెంబర్ 3న పాకిస్తాన్ విమానాలు మన స్థావరాలను కొట్టాయి, ఇవన్నీ ఉన్నాయి. నాకు వాటికంటే ముఖ్యంగా కనిపించేది ఇంకొకటి. 1970 డిసెంబర్ ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్‌లోని 162 సాధారణ స్థానాల్లో ముజీబ్ పార్టీ అవామీ లీగ్ 160 గెలిచింది. అంటే, ఎవరికి అధికారం అప్పగించాలి అనే ప్రశ్నకు జనం యుద్ధానికి ముందే జవాబిచ్చేశారు. ఏప్రిల్‌లో ప్రవాస ప్రభుత్వం ఏర్పడింది. డిసెంబర్ 16న పాకిస్తాన్ పక్షం 93 వేల మంది లొంగిపోయారు. జనవరి 10న ముజీబ్ ఢాకా చేరాడు. మార్చి నెల సగం కాకముందే మన సైన్యం బయటికొచ్చేసింది. ఆ తర్వాత బంగ్లాదేశ్‌లో హత్యలు, సైనిక పాలన జరిగాయి, అది వేరే కథ. కానీ అవి ఒక రాజ్యంలో జరిగాయి. రాజ్యం ఉంది.

లిబియాలో ఆ జవాబు ఎవరిచ్చారు? ఇందాక గుర్తు పెట్టుకోమన్నాను కదా, నలభై ఏళ్లు పార్టీ లేదు, ఎన్నిక లేదు. బెంఘాజీ మండలిని దేశం ఎన్నుకోలేదు. ఊరికో దళం, దళానికో నాయకుడు. ఖతార్ కొందరికి ఆయుధాలిచ్చింది, ఎమిరేట్స్ ఇంకొందరికి ఇచ్చింది. 2012 జూలైలో ఎన్నికలు జరిగాయి, జనం ఎంతో ఉత్సాహంగా ఓటు వేశారు. అది చూసి నేనూ సంతోషించాను. కానీ తుపాకులు ఆ ప్రభుత్వం చేతిలో లేవు. తుపాకులున్నవాళ్లకు ప్రభుత్వం చమురు డబ్బుతో జీతాలివ్వడం మొదలుపెట్టింది. జీతం వస్తోందంటే దళాలు తగ్గుతాయా, పెరుగుతాయా? యుద్ధంలో పోరాడినవాళ్లకంటే ఎన్నో రెట్లు మంది యోధులమని పేర్లు రాయించుకున్నారు. 2014 కల్లా తూర్పున ఒక ప్రభుత్వం, పడమట ఒక ప్రభుత్వం. ట్రిపోలీ విమానాశ్రయాన్ని వాళ్లలో వాళ్లే కాల్చుకున్నారు. ఆ సందులో ఐసిస్ దిగింది, సిర్తెనే పట్టుకుంది.

ఇక్కడ మన ఇళ్ల దాకా వచ్చిన సంగతి ఒకటుంది. 2011లో లిబియాలో సుమారు 18 వేల మంది భారతీయులుండేవాళ్లు. నిర్మాణ పనుల్లో, ఆసుపత్రుల్లో, కాలేజీల్లో. చాలామందిని ఓడల మీద, విమానాల మీద వెనక్కి తెచ్చారు. కొందరు మళ్లీ వెళ్లారు, ఉద్యోగం కదా. 2015 జూలైలో సిర్తె విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న నలుగురు భారతీయ ఉద్యోగులను ఎత్తుకెళ్లారు. ఇద్దరిని రెండు రోజుల్లో వదిలారు. మిగిలిన ఇద్దరూ తెలుగువాళ్లు, ఒకరిది ఆంధ్ర, ఒకరిది తెలంగాణ. ఆ ఇద్దరూ బయటపడింది 2016 సెప్టెంబర్‌లో. ఏడాదికి పైగా ఆ ఇళ్లలో ఫోను మోగినప్పుడల్లా ఏమై ఉంటుందో మీరే ఊహించండి.

లిబియా దాటి కూడా వెళ్లింది ఆ మంట. గడాఫీ సైన్యంలో పనిచేసిన తువారెగ్ తెగ యోధులు ఆయుధాలతో సహా మాలికి తిరిగి వెళ్లారు. 2012 జనవరిలో అక్కడ తిరుగుబాటు మొదలైంది, మార్చిలో సైనిక కుట్ర జరిగింది. పదవి పోయింది ఎవరికి? అధ్యక్షుడు తూరేకి. ఏడాది కిందట శాంతి కాగితం పట్టుకుని ట్రిపోలీ వెళ్లిన తూరేకే.

సిరియా జనం ఇంకా పెద్ద మూల్యం చెల్లించారు. 2011 అక్టోబర్ 4న సిరియా ప్రభుత్వాన్ని ఖండించే తీర్మానం వస్తే రష్యా, చైనా వీటో చేశాయి. లిబియాలో ఏం చేశారో చూశాం, మళ్లీ అలాంటి కాగితం మీ చేతికివ్వం అన్నది రష్యా మాట. రష్యాకు తన లెక్కలు తనకున్నాయి, అప్పట్లో సిరియాలో దాని స్థావరం ఉంది, అందులో అనుమానం లేదు. కానీ ఆ సాకును చేతికిచ్చింది ఎవరు? నిజంగా ఆపాల్సిన ఊచకోత ఎదురుగా నిలబడ్డ రోజున ఎవరూ ఎవరినీ నమ్మలేని స్థితి వచ్చింది. నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే. లిబియాలో హద్దు దాటినందుకు సిరియాలో పిల్లలు అనుభవించారు.

మళ్లీ మన దేశం దగ్గరికి వస్తున్నాను. ఓటు వేయకుండా ఉండటాన్ని వద్దన్న పక్షం పిల్లలు గొప్ప విధానంగా చెప్పారు. నేను ఒప్పుకోను. ఎవరు, ఏ బలంతో, ఎలా అని ప్రశ్న మనం అడిగాం కదా. దానికి జవాబు తీర్మానంలోనే రాయించాల్సింది. తొంభై రోజుల గడువు పెట్టండి, గడువు తీరితే మళ్లీ ఓటుకు రండి అనాల్సింది. అమెరికాకు, ఫ్రాన్స్‌కు ఆ వారం తొమ్మిది ఓట్లు కూడగట్టుకోవాల్సిన అవసరం ఉంది. వచ్చినవి పదే. అంటే బేరానికి చోటుంది. మనం, బ్రెజిల్, దక్షిణాఫ్రికా ముగ్గురం కలిసి కూర్చుని ఉంటే ఆ ఒక్క వాక్యం పెట్టించే అవకాశం ఉండేది. దక్షిణాఫ్రికా ఔనని ఓటేసి తర్వాత బాధపడింది. మనం పక్కకు జరిగి తర్వాత విమర్శించాం. అదే ఏడాది నవంబర్‌లో బ్రెజిల్ ఒక పత్రం పెట్టింది, రక్షించడానికి వెళ్లినవాళ్ల మీద కూడా నిఘా, జవాబుదారీ ఉండాలని. మంచి పత్రం. మన దేశం దాన్ని భుజానికెత్తుకుని తిరగాల్సింది. తిరగలేదు.

కాబట్టి డిబేట్ పిల్లలకు నా విన్నపం. మళ్లీ ఈ విషయం మీద పోటీ పెడితే, వెళ్లాలన్న పక్షం మూడు ప్రశ్నలకు జవాబు తెచ్చుకోవాలి. ఎంతకాలం? ఆపమని ఎవరు చెబుతారు? మర్నాడు అధికారం ఎవరికి, వాళ్లను ఎవరు ఎన్నుకున్నారు? వద్దన్న పక్షానికి ఒకే ప్రశ్న. మార్చి 19 ఉదయం బెంఘాజీలో ఉన్న ఆ తల్లికి ఏం చెబుతారు? ఆమెకు జవాబు లేకుండా ఇరాక్ పేరు చెప్పి కూర్చుంటే నేను మార్కులు వేయను.

2023 సెప్టెంబర్‌లో తూర్పు లిబియాలో డెర్నా ఊరి పైనున్న రెండు ఆనకట్టలు తుఫాను వరదకు తెగి, ఒక్క రాత్రిలో వేల మంది కొట్టుకుపోయారు. అవి డెబ్బయ్యవ దశకంలో కట్టినవి. వాటికి మరమ్మతు కావాలని ముందే తెలుసు. గడాఫీ రోజుల్లోనే మొదలైన మరమ్మతు పని 2011లో ఆగిపోయింది. తర్వాత మళ్లీ మొదలుపెట్టడానికి నిలకడగా ఒక ప్రభుత్వం ఉంటే కదా. దాని గురించి వివరంగా చెప్పాలంటే ఇంకో గంట పడుతుంది, గ్రంథాలయం మూసే టైమవుతోంది. ప్రశ్నలకు పదిహేను నిమిషాలు ఉంది. ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉంచిన ఆ అమ్మాయికి ముందు మైకివ్వండి.